ఈశ్వరి అరచెయ్యి

మా బడిలో తల్లిదండ్రులు పెట్టిన పేర్లు హాజరు పట్టీలోనే ఉంటాయి. వినికిడి లేని పిల్లల బడి కదా, ఇక్కడ పేరంటే నోటితో పిలిచేది కాదు, చేత్తో చూపించేది. కొత్తవాళ్ళెవరు వచ్చినా పిల్లలు కొన్నాళ్ళు కనిపెట్టి చూస్తారు. మనలో కొట్టొచ్చినట్టు కనపడేదేదో పట్టుకుని దాన్నే పేరుగా ఖాయం చేసేస్తారు. నా పేరు చెప్పాలంటే నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, రెండో చేతి చూపుడు వేలు గాలిలో ఆడించాలి. హాస్టలు వార్డెనుగా చేరిన కొత్తలో నేనెలా తిరిగానో దీన్నిబట్టి మీరే ఊహించుకోండి. మా ఆయన పోర్టు ఉద్యోగం వల్ల తణుకు వదిలి విశాఖపట్నం వచ్చినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను. వెంకటరమణమ్మ అనే పేరు నాకొకటి ఉందని ఈ ఆవరణలో చాలామందికి తెలియదు.

ఈశ్వరి పేరు చాలా చిన్నది. అరచెయ్యి బోర్లించి దేనిమీదైనా మెత్తగా ఆనించడం, అంతే. మా కంప్యూటర్ల గది చూసుకునే అమ్మాయి. ఇది ఆమె కథ. నేను మధ్యమధ్యలో దూరుతూ ఉంటాను, అది నా అలవాటు.

భీమిలి అవతల ఒడ్డున వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పోతమ్మ చేపల గంప నెత్తిన, ఈ పిల్ల రెక్క చేత పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. "మా పిల్లకి సెవులు పని సెయ్యవు గానమ్మా, కళ్ళు సూడు, ఒడ్డున నిలబడి ఏ తెప్ప ఎవలిదో సెప్పీగల్దు. దెబ్బ మాత్రం ఎయ్యకండి, తిరగబడిపోద్ది" అంది. నిజమే. తిరగబడే పిల్లే. అన్నం చాలకపోయినా, ఆటలో అన్యాయం జరిగినా చేతులు గిరగిరా తిప్పుతూ పోట్లాటకి వచ్చేది. ఆమె చేతులతో అన్నవన్నీ నేనిక్కడ వాళ్ళమ్మ యాసలోనే రాస్తున్నాను. ఆ చేతుల్లో ఉన్న తొందరంతా అచ్చం పోతమ్మ నోరే.

ఆమెని మనిషిని చేసింది గురునాథరావు మాస్టారు. ఆయనకీ పుట్టు చెవుడే. మా బడిలో సంజ్ఞలు నేర్పేవాడు. ముక్కు మీద కళ్ళజోడు పైకి తోసుకోవడం ఆయన పేరు. ఈశ్వరి పదో తరగతి అయ్యాక కంప్యూటరు డిప్లొమా చేసింది, నగరంలో ఒకటి రెండు చోట్ల ఉద్యోగానికి వెళ్ళింది. అక్కడ అందరూ పెదాలు సాగదీసి, గట్టిగా అరిచి మాట్లాడుతుంటే విసుగెత్తి మళ్ళీ మా దగ్గరికే వచ్చేసింది.

మా బడిలో ఎనిమిది తరగతి గదులు, గదికొక తెర. పాఠాలన్నీ వీడియోలే, సంజ్ఞలతో ఉంటాయి. ఆ వీడియోలను తెరలకు పంపేవి కంప్యూటర్ల గదిలో ఇనప అరమీద వరసగా కూర్చున్న ఎనిమిది చిన్న యంత్రాలు. మీడియా సర్వర్లు అంటారు, మేము పెట్టెలంటాం. ఒక్కో గదికి ఒక్కో పెట్టె. వీటన్నిటికీ పెద్దగా పక్కన ఒక పెద్ద పెట్టె. అన్నిటినీ కేబుళ్ళతో ఒకదానికొకటి కలిపేశారు. ఈ వైరింగు బడి దాటి బయటికి పోదు.

ఈశ్వరి రోజూ పొద్దున్నే వచ్చి ఆ పెట్టెల మీద ఒక్కొక్కదానిపై అరచెయ్యి ఆనిస్తుంది. లోపల ఫ్యాను తిరుగుతోందో లేదో మనం చెవితో వింటాం, ఆమె చేత్తో వింటుంది. పిల్లలు పేరు పెట్టింది అందుకే. నాలుగో పెట్టెలో ఫ్యాను కాస్త వదులైంది. మిగతావి నున్నగా తిరుగుతుంటే అదొక్కటీ సన్నగా వణుకుతుంది. "నాలుగోదానికి ఇయ్యాల కూడా సలేస్తంది" అని ఆమె భుజాలు ముడుచుకుని వణికి చూపిస్తే, నేను "దుప్పటి కప్పు" అని చూపించేదాన్ని. ఇది మా ఇద్దరికీ రోజూ ఉండే వేళాకోళం.

ఇప్పుడు ఆ నాలుగో పెట్టె సంగతి చెప్పాలి. బయటి నుంచి వచ్చిన వీడియో పాఠాల్లో అన్నీ ఉండేవి గానీ, మా పిల్లల ఊళ్ళు ఉండేవి కావు. వల విప్పడానికి, ఆటుపోటుకి, కోనాం చేపకి, పోర్టు క్రేనుకి, స్టీలు ప్లాంటు పొగగొట్టాలకి, దువ్వాడ స్టేషనుకి మా పిల్లల ఇళ్ళల్లో, వీధుల్లో సంజ్ఞలున్నాయి. ఒక్కో పిల్ల ఒక్కో రకంగా తెచ్చేది. మాస్టారు వాటినన్నిటినీ పోగేసి, ఒకదానితో ఒకటి పోల్చి, సరిదిద్ది, కెమెరా ముందు నిలబడి పాఠాలు చేశాడు. కెమెరా వెనక ఈశ్వరి. రెండేళ్ళ పాటు రోజూ బడి వదిలాక ఇద్దరూ అదే పని. ముందు సముద్రం పాఠాలు తియ్యమని పట్టుబట్టింది ఆమె. పెద్ద పెట్టె అప్పటికే నిండిపోయింది కాబట్టి అవన్నీ నాలుగో పెట్టె డిస్కులో దాచింది. ఇంకో నకలు తీసుకోవడానికి కొత్త డిస్కు కావాలని ఆఫీసులో అడిగింది. వచ్చే నెల అన్నారు. మా ఆఫీసులో వచ్చే నెల అనేది ఎప్పుడూ వచ్చే నెలలోనే ఉంటుంది.

ఈలోగా ఎండాకాలంలో మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. కాలు కొంత కుదురుకుంది గానీ కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. మాట చేతులతోనే కదా ఆయనకి. ఎడమ చెయ్యి బాగానే ఉన్నా దాన్నీ ఎత్తడం మానేశాడని, ఇంట్లోవాళ్ళకి కూడా తలాడించడమేనని దువ్వాడ నుంచి ఆయన భార్య ఫోను చేసి ఏడ్చింది. అంటే ఆ మనిషి మాట ఇక మిగిలింది నాలుగో పెట్టెలోనే.

దసరా వచ్చింది. పిల్లలు ఇళ్ళకు వెళ్ళారు. ఈశ్వరి కూడా వాళ్ళ ఊళ్ళో బోట్లకి పూజ ఉందని వెళ్ళింది. బడిలో మిగిలింది హెడ్మిస్ట్రెస్ గారు, నేను, వాచ్‌మన్ ఎల్లాజీ. ఎల్లాజీ ఇదివరకు పోర్టులో లారీల మీద క్లీనరు. ఆయుధపూజ అంటే అతనికి పూనకమే. లారీని కడిగి, పసుపు రాసి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి పెరిగినవాడు. "యంత్రాలన్నిటికీ పూజ సెయ్యాలమ్మగారూ, బడికి మంచిది" అన్నాడు. కుట్టుమిషన్లు, మోటారు, ఆటో, అన్నిటితో పాటు కంప్యూటర్ల గదిలో పెట్టెలు కూడా దింపి, అమ్మవారి పటం ముందు చాప మీద వరసగా పేర్చాడు. నీళ్ళు పొయ్యలేదు, అంత తెలివి ఉంది. తడిగుడ్డ పెట్టి మెరిసేట్టు తుడిచాడు. బొట్లు పెట్టింది నేనే, చక్కగానే పెట్టాను. తుడిచినప్పుడు ఈశ్వరి అంటించిన నంబరు కాగితాలు నాని ఊడిపోయాయి. ఎల్లాజీ పెట్టెలను మళ్ళీ అరమీద ఎక్కించి, కేబుళ్ళు తగిలించి, తనే తెల్ల కాగితాల మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా గుండ్రంగా రాసి వరసగా అంటించాడు. ఏ పెట్టె ఏ చోటుదో అతనికి పట్టలేదు. లారీ పాతదైనా నంబరు ప్లేటు కొత్తది వెయ్యొచ్చుగా అనుకునే మనిషి.

అంతటితో ఆగినా బాగుండేది. కరెంటు నిలకడగా ఇచ్చే బ్యాటరీకి తగిలించాల్సిన ప్లగ్గుని తీసుకెళ్ళి గోడకి తగిలించాడు. ఆ సాయంత్రం గాలివాన. కరెంటు పోయి, వచ్చి, పోయి, వచ్చి, నేను లెక్కపెట్టడం మానేశాను. పిల్లలు తిరిగొచ్చి బడి తెరిచిన పొద్దున ఎనిమిది గదుల్లో ఎనిమిది తెరలు నల్లగా ఉన్నాయి.

ఈశ్వరి పెట్టెలు చూసింది, బొట్లు చూసింది, నన్ను చూసింది. నేను గోడ చూశాను.

కంపెనీ ఇంజనీరు ఉదయ్‌కుమార్‌కి వీడియో కాల్ చేశాం. ఈశ్వరి టైపు చేస్తుంది, అతను నాతో మాట్లాడతాడు, నేను ఆమెకి చేతులతో చెబుతాను. మంచి కుర్రాడే, తొందరెక్కువ. "మేడమ్, కరెంటు దెబ్బకి లోపల సిస్టం పాడైపోనాది. రిపేరు అనవసరం. అన్నిటికీ ఇమేజ్ కొట్టీమనండి, మధ్యాహ్నానికి పాఠాలు ఆడతాయి" అన్నాడు.

ఇమేజ్ కొట్టడం అంటే ఏమిటో ఈశ్వరి నాకు ఇదివరకే చెప్పింది. పాత ఇల్లు నేలమట్టం చేసి అదే జాగాలో కొత్తిల్లు కట్టడం లాంటిది. పెద్ద పెట్టెలో శుభ్రమైన సిస్టం నకలు ఒకటి దాచి ఉంటుంది. దాన్ని కేబులు మీదుగా చిన్న పెట్టె డిస్కులోకి మొదటి నుంచీ రాసుకుంటూ పోతారు. అంతకుముందు ఉన్నవేవైనా సరే, పోతాయి. దీనికి కంపెనీ ఇచ్చిన పనిముట్టులో బొమ్మలుండవు, మీటలుండవు. నల్లటి తెర మీద ఒక లైను టైపు చెయ్యాలి. ఏ నకలు, ఏ నంబరుకి, అంతే. ఈశ్వరికి ఆ నల్ల తెరంటే ప్రాణం. "ఇది నన్ను గట్టిగా మాటాడమనదు. రాసింది సరిగ్గా ఉంటే సేత్తది, తప్పయితే తప్పని సెప్తది, మొకం అదోలా పెట్టదు" అంటుంది. కానీ ఆ పనిముట్టుకొక గుడ్డితనం ఉంది. నంబరంటే కేబులు దూర్చిన చోటు నంబరు. ఆ చివర కూర్చున్న పెట్టె ఏదో దానికి తెలియదు.

ఆమె అజాగ్రత్త మనిషి కాదు. పెట్టెలేవీ లేవకపోవడంతో ఫ్యాన్లు తిరగడం లేదు, చేత్తో పోల్చుకునే వీల్లేదు. ఎల్లాజీని పిలిచి, వరస మారిందా అని నా చేత అడిగించింది.

"వరసకేటమ్మగారూ, సుబ్బరంగా ఉన్నాది. ఒకటి కాడ్నించి ఎనిమిది దాకా నానే అతికించినాను" అన్నాడు ఛాతీ విరిచి. అతను అబద్ధం చెప్పలేదు. నేను అడగాల్సినట్టు అడగలేదేమో, ఆ మాట వేరు.

ఈశ్వరి నాలుగు అని రాసి ఉన్న పెట్టె కేబులు పీకి పక్కన పెట్టింది. దాన్ని తర్వాత తీరిగ్గా చూస్తానంది. మిగతావాటికి ఒక్క లైను టైపు చేసి ఎంటర్ నొక్కింది. యంత్రాలు ఒక్కొక్కటిగా లేవడం, రాయించుకోవడం, పక్కదానికి పోవడం. ఆమె లేచి వెళ్ళి, ఏది లేస్తే దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. మొదటిది. రెండోది. మూడోది. కొత్త సిస్టం ఎక్కి మూడు గదుల్లో తెరలు వెలిగాయి. పిల్లలు అరచేతులు పైకెత్తి ఆడించారు, మా దగ్గర చప్పట్లు అలాగే ఉంటాయి. ఐదోది అయింది. ఆరోది అయింది. నేను ఎల్లాజీకి టీ చెప్పాను.

ఏడోదాని మీద చెయ్యి పెట్టింది ఈశ్వరి. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంది. నా వైపు తిరిగి భుజాలు ముడుచుకుని వణికింది.

చలి.

నాకు అర్థమయ్యేలోపే ఆమె రెండో చెయ్యి కేబులుని పట్టి లాగేసింది. నల్ల తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఏడో చోట కూర్చున్నది నాలుగో పెట్టె. కొత్త సిస్టం దాని డిస్కులో అప్పటికే మొదటి భాగాన్ని తొక్కేసింది.

ఉదయ్‌కుమార్ వీడియో కాల్‌లోంచే దాన్ని చూశాడు. "మేడమ్, ఎక్కడ ఏ ఫైలు ఉందో సెప్పే పట్టికే ఎగిరిపోనాది. మొదట్లో ఉన్నవి మరి రావు. మిగతావి కూడా ఉన్నా లేనట్టే. వదిలీమనండి. ఆ సారు సేతే మళ్ళీ రికార్డు సేయించీయండి" అన్నాడు. అతనికి మాస్టారి సంగతి తెలియదు. నేను చెప్పాను.

నాకు ఏడుపొచ్చింది. ఈశ్వరికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎల్లాజీ మీద కాదు, నా మీద కాదు. ఎవరి మీదని అడిగితే చేతులు విసురుగా కదిలాయి. "ఉన్నా లేనట్టే అంటే ఏటి? ఉన్నాయా, లేవా? ఉంటే నానొగ్గను."

ఆ రోజు నుంచి ఆ నాలుగో పెట్టెని ఎవరూ ముట్టుకోకూడదంది. మళ్ళీ ఒకసారి వెలిగించినా ఇంకొంచెం చెరిగిపోవచ్చట. ముందు ఆ డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్కు మీదికి దించుకోవాలి, వెతుకులాట అంతా ఆ నకలు మీదే చెయ్యాలి. దానికి కొత్త డిస్కు కావాలి. ఈసారి ఆఫీసుకి నేను వెళ్ళాను, నడుం మీద చెయ్యేసి, నా పేరు పెట్టుకుని మరీ వెళ్ళాను. వచ్చే నెల ఆ పూటే వచ్చేసింది.

తర్వాత వారాల తరబడి ఆమె చేసిన పని చూస్తే నాకు వాళ్ళ ఊరి ఆడవాళ్ళు చినిగిన వల ముందేసుకుని కూర్చోవడం గుర్తొచ్చేది. నల్ల తెర మీద ఇంకో రకం పనిముట్టు తెచ్చుకుంది. అది పట్టికతో పని లేకుండా డిస్కుని ఈ కొస నుంచి ఆ కొసదాకా తడుముతూ, వీడియోలా కనపడిన ముక్కనల్లా పైకి తీస్తుంది. మొదట్లో పెట్టిన కొలతలు తప్పి చెత్త వచ్చింది. సగం బొమ్మలు, గళ్ళు గళ్ళుగా విడిపోయిన మాస్టారి మొహం. రాత్రి పడుకునే ముందు ఏదో చదువుకుని, పొద్దున్నే లైను మార్చి కొట్టేది. మళ్ళీ చెత్త. మళ్ళీ మార్చేది. ఉదయ్‌కుమార్‌కి కూడా పట్టుదల ఎక్కింది. ఒక ఆదివారం తనే బండేసుకుని గాజువాక నుంచి వచ్చాడు. "ఇలాగ ఎవరూ సెయ్యరండి, అందుకే నేర్చుకుందామని వచ్చాను" అన్నాడు. ఇద్దరూ ఒకే కీబోర్డు ముందు కూర్చుని, మధ్యలో నా అవసరం లేకుండానే దెబ్బలాడుకున్నారు. నాకది బాగానే ఉంది.

ఒక మధ్యాహ్నం వంటింట్లో పప్పు చూస్తుంటే ఆమె పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. తెర మీద మాస్టారు. కళ్ళజోడు పైకి తోసుకుని, రెండు చేతులతో స్టీలు ప్లాంటు పొగగొట్టాలు నిలబెట్టి, వాటి మీద నుంచి పొగ మెలికలు తిప్పుతున్నాడు. పోర్టు వచ్చింది. దువ్వాడ వచ్చింది. కొండ, జీడితోట, సంత, ఆసుపత్రి వచ్చాయి. ఫైళ్ళ పేర్లన్నీ పోయాయి కాబట్టి ఒక్కొక్కటీ చూసి, ఏ పాఠమో గుర్తుపట్టి, మళ్ళీ పేరు పెట్టింది. దాదాపు అన్నీ దొరికాయి.

దొరకనివి సముద్రం పాఠాలు. పడవ, వల, అల, ఒడ్డు. ముందు తీసినవి కదా, డిస్కులో ముందున్నాయి. కొత్త సిస్టం వచ్చి కూర్చున్నది సరిగ్గా వాటి మీదే. ఈశ్వరి తనే పట్టుబట్టి ముందు తీయించుకున్నవి, వాళ్ళింటి మాటలు.

"నీకొచ్చుగా అవన్నీ. కెమెరా ముందు నువ్వే నిలబడు" అన్నాను.

"నా సేతులు నావి. మాస్టారి పాఠంలో మాస్టారి సెయ్యి ఉండాల" అంది.

"ఆయన చెయ్యి..." అని మొదలెట్టాను.

"రెండున్నాయి కదేటి" అంది.

ఇద్దరం బస్సెక్కి, సిటీ అంతా దాటి దువ్వాడ వెళ్ళాం. రైలు పట్టాలకి దగ్గరగా ఉంటుంది మాస్టారి ఇల్లు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. కళ్ళజోడు జారి ముక్కు చివరికి వచ్చినా పైకి తోసుకోవడం లేదు. ఆయన పేరు కూడా ఆయన మానేశాడన్నమాట.

ఈశ్వరి ముందు ల్యాప్‌టాప్ తెరిచి దొరికిన పాఠాలు చూపించింది. తన కుడి చెయ్యి తెర మీద చురుగ్గా కదులుతుంటే మాస్టారు చూశాడు, కాసేపటికి మొహం తిప్పుకున్నాడు. ఆమె జరిగిందంతా దాచకుండా చెప్పింది. పూజ, కొత్త కాగితాలు, తను నొక్కిన ఎంటరు, పోయిన సముద్రం. పోయినవన్నీ మళ్ళీ తియ్యాలని, ఇద్దరం కలిసి తీద్దామని చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒళ్ళో కుడి చెయ్యి వైపు చూపించి, కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే మా పిల్లల భాషలో ఇక మాటల్లేవని.

ఆయన భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ టీలు తెచ్చింది. "రోజూ ఇంతేనమ్మా. సగం మాట ఎందుకనుకుంటున్నారో ఏమో" అంది. నేను లేచి పోదాం రమ్మన్నట్టు ఈశ్వరి భుజం తట్టాను.

ఆమె కదల్లేదు. కుర్చీ లాక్కుని ఆయనకి కుడి పక్కన, భుజం భుజం తగిలేలా కూర్చుంది. పడవ సంజ్ఞ మీకు తెలుసో లేదో. రెండు అరచేతులు దొప్పల్లా వంచి, చిటికెన వేళ్ళ అంచులు కలిపి, ముందుకి తేలుస్తూ తీసుకెళ్ళాలి. ఈశ్వరి తన కుడి చెయ్యి ఒక్కటే దొప్పలా వంచి ఆయన ఎదుట గాల్లో నిలబెట్టింది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టేసుకుంది. అలా సగం పడవ పట్టుకుని కూర్చుంది.

టీలు చల్లారాయి. ఆమె చెయ్యి దించలేదు. ఒక రైలు వెళ్ళింది. ఆ కుదుపు నేల మీంచి పాదాలకి తగిలి ఇద్దరూ ఒక్కసారే తలెత్తారు. మాస్టారు కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఉన్న ఆ చేతిని చూశాడు. చూసి నొసలు చిట్లించాడు. వేళ్ళు మరీ చాపేసి ఉన్నాయి, అలా ఉంటే అది పళ్ళెం అవుతుంది గానీ పడవ కాదు. ఎవరి సంజ్ఞ తప్పినా చూస్తూ ఊరుకోగలిగిన మనిషి కాదాయన. ఎడమ చెయ్యి లేచింది. ఈశ్వరి వేళ్ళని ఒక్కొక్కటిగా పైకి వంచింది, బొటనవేలిని లోపలికి నెట్టింది, మణికట్టు మీద చిరాగ్గా ఒక చరుపు చరిచింది. తర్వాత ఆ చెయ్యి వెనక్కి పోలేదు. దొప్పలా వంగి, ఆమె చేతి అంచుకి వచ్చి ఆనింది. ఇద్దరూ కలిసి పడవని కిటికీ వైపు తీసుకెళ్ళారు.

ఆయన భార్య వంటింటి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఇందులో దాచుకోవడానికేముంది. మాస్టారు మాత్రం ఏడవలేదు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

తిరుగు బస్సులో ఈశ్వరిని అడిగాను. "చిన్నప్పటి నుంచీ నీకొచ్చిన సంజ్ఞ. వేళ్ళు అలా కావాలని చాపేవా?" ఆమె కిటికీ వైపు తిరిగి పోర్టు క్రేన్లు చూస్తూ కూర్చుంది. ఎంత పొడిచినా ఇటు తిరగలేదు.

తర్వాత వచ్చిన ఆదివారాలన్నీ దువ్వాడలోనే గడిచాయి. ఉదయ్‌కుమార్ కెమెరా పట్టేవాడు. ఆయన ఎడమ చెయ్యి, ఆమె కుడి చెయ్యి, ఇద్దరి మొహాలు పక్కపక్కన. వల ఇద్దరూ కలిసే విసిరారు. అల ఇద్దరి చేతుల మీద నుంచీ లేచింది. ఆమె తప్పు చేస్తే మణికట్టు మీద చరుపు పడేది, ఆ చరుపులు కూడా పాఠాల్లో అలాగే ఉన్నాయి, తియ్యనివ్వలేదు. పాఠాలన్నీ ఇప్పుడు మూడు చోట్ల దాచింది. పెట్టెలకి కాగితాలు అంటించడం మానేసి, ఎల్లాజీ చేతనే నంబర్లు ఇనప చట్రం మీద చెక్కించింది. "ఈ పాలి తడిగుడ్డ కాదు గదా, సముద్రమొచ్చినా పోదు" అన్నాడతను. వణికే ఫ్యాను మార్చుదామని కంపెనీ వాళ్ళంటే వద్దంది.

ఆ సముద్రం పాఠాలు చూసి నేర్చుకున్న చిన్న తరగతి పిల్లలకి ఒక చిత్రమైన అలవాటు పట్టింది. పడవ అనాలంటే వాళ్ళు ఒక్కళ్ళే అనరు. ఒక చెయ్యి దొప్పలా వంచి పక్కవాళ్ళకి చాపుతారు. పక్కవాళ్ళు తమ చెయ్యి తెచ్చి కలిపితేనే అది పడవ. తప్పు నేర్చుకున్నారని, రెండు చేతులూ ఎవరివి వాళ్ళకే ఉన్నాయి కదా అని కొత్తగా వచ్చిన టీచరమ్మ దిద్దబోయింది. నేను నా పేరు చూపించాను. ఆవిడ ఊరుకుంది.

వార్షికోత్సవానికి ముందు మాస్టారు ఆటోలో బడికి వచ్చాడు, జబ్బు పడ్డాక మొదటిసారి. ఈశ్వరి చెయ్యి పట్టి దింపింది. చిన్న తరగతి పిల్లలు గేటు దగ్గరే కాపలా కాశారు. ఆయన ఇవతలికి అడుగు పెట్టాడో లేదో, ఒక్కొక్కరూ కుడి చేతిని దొప్పలా వంచి ఆయన ముందు చాపారు. ఎటు చూసినా సగం పడవలు. ఆయన ఈశ్వరి వైపు చూశాడు. ఆమె ఆయన చెయ్యి వదిలి పక్కకి తప్పుకుంది.

ఆయన ఆ ఎడమ చేత్తోనే మొదటి పిల్ల పడవ కలిపాడు. తర్వాత రెండోదాని దగ్గరికి వెళ్ళాడు. వరసలో వేళ్ళు చాపేసిన వాడొకడుంటే ఆగి, వంచి, చరిచి, అప్పుడు కలిపాడు. భోజనాల వేళైందని, మాకు గంటకి బదులుండే వరండా దీపం వెలిగి ఆరుతూనే ఉంది. ఎవరూ కదల్లేదు, నేనూ వేలు ఆడించలేదు. ఆ రోజు అన్నం చల్లారాకే తిన్నాం.